నా మాంటిల్‌లో సీసం

విజయనగరంలో ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా ఉంటూ నేను పీహెచ్‌డీ చేశాను. చేశాను అనడం కంటే చేస్తూ పోయాను అనాలి. నాతో చేరినవాళ్ల పిల్లలు కాలేజీ మెట్లెక్కినా నా థీసిస్ మాత్రం ఉన్నచోటే ఉంది. చివరికి ఆఖరి గడువు ఇచ్చారు. అది దాటితే పట్టా లేదు, పట్టా లేకపోతే పర్మనెంటు ఉద్యోగం లేదు.

నా రాళ్లు ఇక్కడివి కావు. ఖండం సాగి, పలచబడి, చీలిన చోట కింద నుంచి లావా ఉబికి గడ్డకడితే బసాల్ట్ అవుతుంది. అలాంటి నల్లరాళ్లను నర్మదా లోయ నుంచి బస్తాలో మోసుకొచ్చాను. రైలు దిగాక ఆటో అతను బస్తా ఎత్తబోయి, లోపలేముందో తెలిసి, "మనకాడ రాళ్లు నేవేటి బాబూ?" అన్నాడు. ఇంట్లోనూ అదే అడిగారు.

నేను తేల్చాల్సింది ఒక్కటే. ఆ లావా ఎక్కడిది? ఖండం అడుగున కోట్ల ఏళ్లుగా అంటుకుని ఉన్న పాత మాంటిల్ పొరదా, ఇంకా లోతు నుంచి వచ్చిందా, లేక పైకొచ్చే దారిలో భూపటలాన్ని కరిగించి కలుపుకుందా? రాయిలో రవ్వంత ఉండే మూలకాలు ఆ గుట్టు చెబుతాయి. ల్యాబ్‌లోని క్రషర్‌లో నా రాయిని పొడి చేసి పరీక్షకు పంపితే, అందులో సీసం ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనిపించింది. భూపటలం కలిసి ఉంటే సిలికా కూడా పెరగాలి. పెరగలేదు. కాబట్టి ఇది ఎవరికీ చిక్కని పాత మాంటిలే అని తేల్చేశాను. బీరకాయలు తరుగుతున్న మా ఆవిడను ఆపి మరీ చెప్పాను. "అయితే జీతం పెరుగుతాదా?" అంది.

సెమినార్‌లో ఇదే చదివితే ఒక పెద్ద ప్రొఫెసర్ లేచి మెచ్చుకున్నారు. తర్వాత ఆయన్నే నా థీసిస్‌కు పరీక్షకుడిగా వేశారు. కొన్నాళ్లు నా కాళ్లు నేల మీద లేవు.

నా గైడు మేడంది నరసన్నపేట. డిగ్రీలో నాకు పాఠం చెప్పినావిడ, అందుకే నలభై దాటినా నన్ను ఒరే అనే పిలుస్తారు. "ఒరే, ఉత్త పలుగురాయి ఒకటి ఆ క్రషర్‌లో ఏసి, నలగ్గొట్టి పంపు. మిషను సుబ్బరంగా ఉన్నాదో నేదో తెలుస్తాది" అన్నారు. పలుగురాయిలో సీసం దాదాపు ఉండదు. ఎప్పుడో చేయాల్సిన ఈ పనిని, గొప్పవాణ్ణయ్యే హడావుడిలో వాయిదా వేశాను. బొబ్బిలి రోడ్డు పక్కన తెల్లటి రాయి ఏరుకొచ్చి, కడిగి, నలగ్గొట్టి పంపాను.

ఫలితం వచ్చింది. బొబ్బిలి పలుగురాయిలో కూడా నా పాత మాంటిల్ ఉంది.

పరుగున వెళ్లి క్రషర్ మూత తీశాను. రాయిని నలిపే ఇనుప దవడల సందుల్లో ఇంకా ఎర్రగా ఉంది. ఏటా దసరాకు ల్యాబ్‌లో ఆయుధపూజ చేసేది నేనే. ఇనుము మీద కుంకుమ నిలవడం లేదని, ఆంజనేయస్వామికి పూసే సింధూరాన్ని నువ్వులనూనెలో కలిపి పట్టించడం నా సొంత తెలివి. బయట బొట్లతో భక్తి తీరక దవడలకు కూడా పూశాను. పండగ మర్నాడే నర్మదా రాళ్లు వేశాను. చవక సింధూరంలో ఉండేది సీసమే. క్లాసులో పిల్లలకు ఈ సంగతి చెప్పేది కూడా నేనే.

మేడం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "నువ్వు పూస్తన్నప్పుడే సూసాన్రా. నాను సర్చికెళ్లే మనిసిని. వద్దంటే ఏటనుకుంటావోనని ఊరుకున్నాను. నువ్వెట్టిన పులిహోర కూడా తిన్నాను."

నాకు నవ్వు రాలేదు. "మరిప్పుడేటి సేద్దాం మేడం?"

"ఏటి సేస్తాం? మళ్లీ నూరు."

మిగిలిన రాళ్లను అగేట్ అనే గట్టి రాతితో చేసిన చిన్న రోట్లో చేత్తో నూరాను. ఇంట్లో ఎన్నడూ కొబ్బరి పచ్చడి నూరి ఎరగనివాణ్ణి, అరచేతులు బొబ్బలెక్కాయి. ఈసారి సీసం బుద్ధిగా ఉండాల్సినంతే ఉంది. నా అపూర్వమైన మాంటిల్ పోయి, అందరూ ఎప్పుడో చెప్పిన మామూలు మాంటిల్ మిగిలింది. సింధూరం సంగతితో సహా ఉన్నదున్నట్టు రాసి గడువులోపల ఇచ్చేశాను.

వైవా రోజున ప్రొఫెసర్‌గారు తాను మెచ్చుకున్న సీసం ఏమైందని అందరి ముందూ అడిగారు. పూజ, నూనె, దవడలు, అంతా చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మేడంతో సహా అందరినీ టీకి పంపించేశారు. ఉద్యోగం పోయినట్టేనని, మా ఆవిడకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకుని గొంతు తగ్గించారు.

"మీరు దసరాకి మాత్రమేనా పూసేది?"

"అవునండీ. ఏడాదికి ఒక్కసారే."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత నా థీసిస్ మీద సంతకం పెడుతూ, "మా ల్యాబ్‌లో ప్రతి మంగళవారం" అన్నారు. తిరుగు రైలు ఎన్నింటికని అడిగి, భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోయారు.