మా దిక్కు అంత పచ్చగనే ఉన్నది

ఇంతకుముందు ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు. జైనూర్ పక్కన గుట్టల్లో పుట్టాను. బడి వాగు అవతల ఉండేది. వానాకాలం వాగు దాటనిచ్చేది కాదు. వాగు తగ్గేసరికి పత్తి ఏరే కాలం వచ్చేది. నన్ను కన్న అవ్వ మీద నాకు కోపం లేదు, ఆమెకు కూడా ఎవరూ అక్షరాలు చూపించలేదు. నలభై దాటాక, మంథనిలో మా మహిళా సంఘం వాళ్లు సాయంత్రాలు చెప్పే చదువులో తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మా బిడ్డ నేర్పింది. వచ్చాక కూడా రాయలేదు. రాద్దామని కూర్చుంటే కాగితం మీద మా బావ ముఖమే కనపడేది. ఆయన సంగతి తేలేదాకా ఒక్క ముక్క రాయకూడదనుకున్నాను. ఇప్పుడు తేలింది.

బావ అంటే నా భర్తకు అన్న. అన్నదమ్ములిద్దరూ కలిసి మంథనిలో కేబుల్ టీవీ నడిపారు. తర్వాత అదే ఇంటర్నెట్ అయింది. నా భర్త మస్కట్ పోయాక పెద్దమనుషులను కూర్చోబెట్టి పంచారు. టౌన్ కనెక్షన్లు, మిషన్ల గది బావకు వచ్చాయి. గోదారి ఒడ్డు ఊళ్లు నాకు వచ్చాయి. ఒక్కో ఇల్లు ఒక్కో మూలన ఉండి, కోతులు తీగలు కొరికే ఊళ్లు అవి. పెద్దపల్లి దిక్కు నుంచి అసలు లైను బావ గదికి వచ్చేది. ఆ గదిలో పెద్ద పెట్టెకు తీగలు గుచ్చే పోర్టులు ఉంటాయి, వాటిలో ఒకదాని నుంచి మా ఇంటి మేడ మీదికి తీగ, అక్కడి నుంచి నా ఊళ్లకు.

ఆ గదిలోనే ఒక కంప్యూటరు ఉంది. ఊళ్లలో ఉన్న పెట్టెలన్నిటినీ అది మాటిమాటికీ పలకరిస్తుంది. పలికితే తెర మీద పచ్చ, పలకకపోతే ఎరుపు. ఎరుపైతే, దానికి పెట్టిన సిమ్ కార్డు నుంచి ఆ లైను ఎవరిదో వాళ్ల ఫోనుకు మెసేజ్ పోతుంది. నా ఊళ్ల మెసేజ్‌లు నా ఫోనుకు రావాలని పంపకాల రోజున అడిగాను.

"మెసేజ్ వస్తే ఏం జేస్తవే?" అన్నాడు బావ, అందరూ వింటుండగా. "సదివి వినిపియ్యనీకి ఇంకో మనిషిని పెట్టాల్నా?"

మా యారాలు, అంటే బావ భార్య, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గంట మోగుతది గద బావా. గంటయితే ఇనవస్తది," అన్నాను.

"సరే తియ్, పెట్టిస్త. మీ జైనూర్ అడివిల గొడ్ల మెడలకు గంటలు గడ్తరు గద. అలవాటున్న సప్పుడే."

ఈసారి పెద్దమనుషులు కూడా నవ్వారు. నేను తల వంచుకుని విన్నాను. ఎవరెవరు నవ్వారో చూసి పెట్టుకున్నాను.

గంట మొదట్లో మోగింది. కోతి తీగ తెంపితే మోగేది, ఊళ్లో కరెంటు పోతే మోగేది. కానీ కొన్నిసార్లు లైను పూర్తిగా పోయినా మోగేది కాదు. జనం ఫోను చేసి తిడితేనే తెలిసేది.

ఒడ్డున ఒక ఊళ్లో ఒకరింట మనుమరాలిని తొట్టెలలో వేసే పండుగ జరుగుతోంది. పిల్ల తండ్రి దుబాయిలో ఉన్నాడు, బిడ్డను ఇంకా చూడలేదు. ఆ ఊళ్లో సెల్ సిగ్నల్ మాటలకే సరిపోతుంది, ముఖం కనపడాలంటే నా వైరే దిక్కు. గోడకు పెద్ద టీవీ పెట్టి, అందులో అతని ముఖం వచ్చేలా చేశారు. పిల్లను చేతుల్లోకి తీసుకునే వేళకు లైను పోయింది. నా గంట మోగలేదు. ఆ ఇంటి నుంచి ఫోను వస్తే, నేను బావకు చేశాను.

"మా దిక్కు అంత పచ్చగనే ఉన్నది," అన్నాడు. "నీ తాన్నే ఏదో అయింది. జర కండ్లు దెర్సి సూస్కో."

కళ్లు తెరుచుకునే చూశాను. ఎర్రటి ఎండలో ప్రతి స్తంభం కింద నిలబడి, తల పైకెత్తి, తీగ ఎక్కడ తెగిందోనని వెతికాను. ఎక్కడా తెగలేదు. పొద్దు గూకే వేళకు లైను దానంతట అదే వచ్చింది. అప్పటికి ఆ ఇంటి ముసలమ్మ నా వైరు పీకి, చుట్ట చుట్టి, మా వాకిట్లో పడేసిపోవడానికి ఆటోలో వచ్చింది.

"నా కొడుకు మొకం నా మనుమరాలికి సూపియ్యకపోతివి," అంది. "తీస్కో. బట్టలారేసుకోనీకన్న అక్కరకొస్తదేమో."

ఆ వారమే బావ మనుషులు ఆ ఇంటికి కొత్త తీగ లాగారు. తర్వాత పక్కింటికి, ఆ తర్వాత ఆ వాడకంతటికీ. ఇట్లాగే సాగితే వానలు పడేనాటికి ఒడ్డు ఊళ్లన్నీ ఆయనవే. నాకు మిగిలేవి బట్టలారేసుకునే తీగలే.

మా బిడ్డ కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో చేస్తుంది. దాని పనే ఇట్లాంటి తెరలను కనిపెట్టుకుని ఉండడం. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు జరిగింది చెప్పాను. పంపకాల్లో మాకూ ఇచ్చిన పాస్‌వర్డుతో బావ గది కంప్యూటరును తన ఫోనులో తెరిచింది. తెర మీది పేర్లను వేలితో కింది నుంచి పైదాకా చూసుకుంటూ పోయింది.

"అవ్వా, నీ ఊళ్లన్నిటిని పెద్దబాపు ఆ ఒక్క పోర్టు కిందికి కట్టిండు."

"కడితే?"

"పైది పడ్డదంటే కిందియి పడుడు ఖాయమే గద. అన్నిటికి మెసేజ్‌లు ఎందుకని కంప్యూటరే కిందియాటి నోరు మూస్తది. పై దానికొక్కదానికే గంట. మేం గూడ గట్లనే పెడ్తం, అది తప్పు గాదు."

"మరి పైదాని గంట ఎవలకు?"

"పెట్టె పెద్దబాపుది గద. ఆయనకే."

"ఆయనే చేత్తోని ఆ తీగ పీకిండనుకో?"

"ఆయన ఫోన్ మోగుతది. నీది మోగది."

నాకు వెంటనే అర్థమైంది. కంప్యూటరు తెలిసి కాదు, ఆ ఇల్లు తెలిసి. మా అత్తవారింట ఒక పద్ధతి ఉండేది. పెద్దింట్లో ఎవరికైనా బాగాలేకపోతే చిన్నింట్లో పొయ్యి వెలిగించకూడదు, తమ బాధ నోటికి తేకూడదు. మా అత్త మంచం పట్టిన నాడు, ఈ బిడ్డే చంటిది, ఒళ్లు పెనంలా కాలుతోంది. దవాఖానకు తీసుకుపోతానని అడగబోతే మా యారాలు, "పెద్దమనిషి మంచంల ఉంటే నీ పిల్ల ముచ్చట తెస్తివా," అంది. బావ అక్కడే ఉండి విన్నాడు. తడిగుడ్డ వేసుకుంటూ పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పద్ధతినే ఇప్పుడు మిషన్‌లో రాసి పెట్టాడు.

"నేను పోయి పెద్దబాపును అడుగుత," అంది బిడ్డ.

"అడిగితే సదురుకుంటడు. నాకు నేర్పు."

"ఏం నేర్పాలె?"

"ఒకదాని కింద ఒకటి ఎట్ల కట్టాల్నో."

నా ముఖం చూసి, "ఇది పగ తీర్చుకోనీకి కాదే అవ్వా," అంది. అంటూనే నేర్పింది. పక్కన కూర్చోబెట్టి, ఏ పేరు ఎక్కడ రాయాలో, ఎక్కడ నొక్కాలో చూపించింది. ఉత్తుత్తి పేర్లతో కట్టడం, విప్పడం చేతికి అలవాటయ్యేదాకా చేశాను.

ఇంకో పని కూడా చేశాము. మంథనిలో అందరి చూపూ పెద్దపల్లి దిక్కే. బస్సు అటు నుంచే వస్తుంది, పేపరు అటు నుంచే, లైను కూడా అటు నుంచే. గోదారి అవతలి నుంచి ఏదైనా వస్తుందని ఎవరికీ తోచదు. అవతలి ఒడ్డు పాత ఆదిలాబాద్ జిల్లా, నా తల్లిగారి దిక్కు. అక్కడ లైను నడిపే ఒకాయనతో బిడ్డ మాట్లాడింది. మా మేడ మీద ఒక డిష్, అవతల ఎదురుగా ఒక డిష్. గాలిలోనే లైను వచ్చింది. నా ఊళ్లను దాని మీదికి మార్చి, బావ పోర్టు కింది నుంచి విప్పేశాము.

బావ దారిలో పోతూ డిష్‌ను చూశాడు. "ఏందది, తల్లిగారింటికి దండం పెట్టనీకా?" అన్నాడు.

"ఔ బావా," అన్నాను.

తర్వాత పెద్దపల్లి దారి వెడల్పు చేస్తుంటే జేసీబీ తగిలి బావ లైను తెగిపోయింది. ఒక పూట చూశాడు. సాయంత్రానికి భార్యను వెంటబెట్టుకుని వచ్చి మా గడప లోపలికి అడుగుపెట్టాడు, పంపకాల తర్వాత మొదటిసారి.

"నీ ఊళ్లల్ల నడుస్తున్నదట గద. అతుకు పడేదాంక మాకు జర నీ లైన్ల నుంచి ఇయ్యి," అన్నాడు నేల చూస్తూ.

"ఇస్త బావా. కంప్యూటర్ల గూడ నేనే పెడ్త. లేకుంటే ఏది పడ్డదో ఎరుక గాదు."

"నీకొస్తదా?"

"వస్తది."

ఇన్నాళ్లూ ఆయన గది నుంచి నాకు వచ్చిన పాత తీగనే ఇప్పుడు తిప్పి, మేడ మీది నా పెట్టె నుంచి ఆయనకు ఇచ్చాను. ఆ గదిలో ఆయన కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ మీద మడిచి పెట్టుకున్న తువ్వాలు తీసి పక్కన పెట్టాను. టౌన్ లైన్ల పేర్లు పెదవుల మీదే చదువుకుంటూ, ఒక్కొక్కదాన్నీ నా పెట్టె పోర్టు కిందికి కట్టాను. బావ వెనకే నిలబడి ఫోనులో ఎవరినో సముదాయిస్తున్నాడు. మధ్యలో, "ఏం జేస్తున్నవ్?" అన్నాడు.

"నీ లైన్లు నా కింద రాస్తున్న బావా."

"రాయి, రాయి," అని నవ్వాడు. అంత అవసరంలోనూ నవ్వాడు.

టౌన్ అంతా పచ్చబడింది. "ఆపతికి నువ్వే అయితివి చెల్లె," అంది యారాలు. ఇంటికి వస్తుంటే బిడ్డ ఫోను చేసి, "ఇచ్చినవా? మంచి పని జేసినవ్ అవ్వా," అంది. నేను వేరే మాట ఎత్తుకున్నాను.

తెల్లారి వాకిలి ఊడ్చి, పేడ కలిపి చాన్పి చల్లి, ముగ్గు వేశాను. టిఫిన్ సెంటర్ల దగ్గర జనం చేరేదాకా, దుకాణాల షట్టర్లు లేచేదాకా ఆగాను. తర్వాత మేడ ఎక్కి, బావకు పోయే తీగను నా పెట్టె నుంచి పీకాను. నా ఫోను ఒకే ఒక్కసారి మోగింది. ఏ పోర్టు పడిందో అందులో రాసి ఉంది. నింపాదిగా, మొత్తం చదివాను. ఆయన గదికి తాళమే ఉంటుంది ఆ వేళ. తెర ఎర్రబడినా చూసేవాళ్లు లేరు. ఆయన ఫోను మోగదు.

కిందికి వచ్చి టీ పెట్టుకున్నాను. ఒక పొంగు వచ్చేసరికి వెనక గల్లీలో బావ ఇంటి ముందు బండ్ల హారన్లు మొదలయ్యాయి. "ఫోన్ల పైసలు వస్తలేవు, గిరాకి అంత వాపస్ పోతుండ్రు," అని ఎవరో అరుస్తున్నారు. అప్పుడు బావ ఫోను వచ్చింది.

"లైన్ పడ్డదా ఏంది? నాకు ఒక్క మెసేజ్ గూడ రాలే."

"మా దిక్కు అంత పచ్చగనే ఉన్నది బావా," అన్నాను. "నీ తాన్నే ఏదో అయింది. జర కండ్లు దెర్సి సూస్కో."

తన మాట తనకు గుర్తుకొచ్చిందో లేదో నాకు తెలియదు. మెల్లగా, "యాడికెల్లి సూడాలె?" అన్నాడు.

"నీ గది ముంగటి స్తంభం కాడికెల్లి మొదలువెట్టు. ఒక్కటి గూడ ఇడ్సిపెట్టకు."

టీ గ్లాసు తీసుకుని మేడ మీదికి పోయాను. ఎండ అప్పటికే ముదిరింది. బావ స్తంభం స్తంభం కింద ఆగి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, తల పైకెత్తి చూస్తూ మా ఇంటి దిక్కు వస్తున్నాడు. ఆయన చివరి స్తంభం దగ్గరికి వచ్చేదాకా నేను అక్కడే కూర్చుని టీ తాగాను. పీకిన తీగ కొన నా ఒళ్లోనే ఉంది.