ఫాస్ట్‌కి మూడో అర్థం

పొద్దున మనవరాలు "ఫాస్ట్ అంటే క్విక్, ఫాస్ట్ అంటే ఫర్మ్" అని వల్లె వేస్తుంటే నా గుండె దడదడలాడింది. బీపీ కాదులెండి. నరసరావుపేటలో ఎనిమిదో తరగతి నాటి దడ.

ఇంగ్లీషు మాస్టారి శిక్ష మీకూ గుర్తుండే ఉంటుంది. జవాబు రానివాళ్ళ ముక్కు పట్టుకుని, చెప్పినవాళ్ళు చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే, ఎట్లా కొట్టాలో మాస్టారు మన చెంప మీదే చూపించేవారు. అందుకే చదువొచ్చినవాళ్ళకి చానా భయం.

ఆరోజు ఫాస్ట్‌కి మూడో అర్థం దగ్గర వరసంతా నిలబడిపోయింది. చివర్న మా అక్క, ఒక ఏడు తప్పి నా క్లాసులోనే ఉంది. తర్వాత నేను. ఉపవాసమని నాకు తెలుసు. తెలీదందామనుకున్నా.

"చెప్పవే," అని గొణిగింది అక్క. "ఇద్దరం మొద్దులమని తెలిస్తే నాన్న ఇద్దర్నీ బడి మానిపిస్తాడు."

చెప్పాను.

"ఊ, కానీ," అన్నారు మాస్టారు.

వరసలో ఒక్కొక్కర్నీ కొట్టుకుంటూ చివరికి అక్క దగ్గరికొచ్చాను. అక్క నా చేతికందేలా వంగింది. "గట్టిగా కొట్టు. లేకపోతే నీకు పడుద్ది."

కొట్టాను.

ఇంటికెళ్ళాక వాచిన చెంప చూసి అమ్మ "ఏందే అది?" అనడిగితే, "పన్ను నొప్పి," అంది అక్క. అమ్మ లవంగం పెట్టింది. ఆ మంట ఓర్చుకుంటూ అక్క దాన్ని పొద్దుగూకేదాకా బుగ్గనే ఉంచుకుంది.