పట్టుచీరల కొట్లో లేచి నిలబడ్డాను

ఊపిరితిత్తుల జబ్బుకి నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నాను. వాటి వల్ల తొడల్లో కండ తగ్గిపోయి, నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లేపాల్సి వచ్చేది. మాత్రలు సొంతంగా మానొద్దని, రోజూ గుడ్డు, పప్పు తిని, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం అలవాటు చేసుకోమని డాక్టరు గారు చెప్పారు. మా అత్తగారేమో "లెగకే అమ్మా, నీరసంగున్నావు" అనేవారు. నేను డాక్టరు మాటే విన్నాను.

ఈ రోజు మా ఆడపడుచుతో బడా బజార్‌లో పట్టుచీరల కొట్టుకి వెళ్లాను. అక్కడ నేల మీద పరిచిన తెల్లటి పరుపు మీదే కూర్చోవాలి. ఆ భయంతోనే ఇన్నాళ్లూ అటు వైపు వెళ్లలేదు. చీరలు చూస్తుండగా నా కాళ్లని పరీక్షించుకోవాలనిపించింది. ఒక మోకాలు ముందుకు మోపి, చేతులు ఎక్కడా ఆనించకుండా లేచేశాను!

షావుకారు కంగారు పడిపోయి, తెలుగులో ఒడియా కలిపేశాడు.

"లెగిసిపోతన్నారేటి? బసంతు అపా, కూకోండక్కా. రేటు తగ్గిస్తాను."

నేను వెళ్లడం లేదని చెప్పబోయాను. ఆడపడుచు నా కొంగు లాగి, "సెప్పకు వదినా. కూకుని మళ్లీ లెగు" అని చెవిలో ఊదింది.

కూర్చున్నాను, లేచాను. రేటు ఇంకా తగ్గింది.

చీర చూసి మా అత్తగారు రేపు తనకీ ఒకటి కొనాలంటున్నారు. నేను పక్కన కూర్చుని, మధ్యమధ్యలో లేవాలట.

మీలో ఇంకెవరికైనా బేరం కుదర్చాలా? నా కాళ్లు సిద్ధంగా ఉన్నాయి.