పచ్చగా వచ్చిన పరీక్ష

ఆరేళ్లుగా ఒక లైను మోస్తున్నాను. ప్రోగ్రాం తయారయ్యేటప్పుడు ఏమేం తనిఖీ చేయాలో చెప్పే బిల్డు సెట్టింగుల ఫైల్లో ఒకే ఒక లైను. మోస్తున్నానంటున్నాను గానీ, బరువు కూడా తెలియడం మానేసింది. తిమ్మిరెక్కిన కాలు నాదేనని తెలిసినట్టు తెలుస్తుంది, అంతే.

విజయనగరంలో చిన్న ఆఫీసు మాది. కోళ్ల షెడ్లలో ఫ్యాన్లు ఆగితే సైరన్ మోగించే పెట్టెలు చేసేవాళ్లం. ప్రోగ్రాం నాది. పెట్టె బిగించి వైర్లు కలిపేది రమణన్న, పాతపట్నం మనిషి.

ఒక కొత్త పెట్టెకి లింకు తనిఖీ ఫెయిలవుతోంది. సైరన్‌ని మోగించే ఫంక్షన్ ఆ పెట్టెలోని లైబ్రరీలో, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలో, నిజంగా ఉందో లేదో కలిపి చూసే తనిఖీ అది. మర్నాడే పెట్టె పంపాలి. ఆ ఒక్క లైనుతో తనిఖీ తీసేసి, కంపైల్ అయితే చాలనే పరీక్ష పెట్టాను. దానికి ఫంక్షన్ పేరు ఎక్కడో రాసి ఉంటే సరిపోతుంది. శుభలేఖలో పేరు చూసి మనిషి పెళ్లికి వచ్చేశాడనుకోవడం లాంటిది. వెంటనే తెర మీద అన్నీ పచ్చ, అంటే అన్నీ పాసు. సైరన్ భాగం అవసరమైనప్పుడే లోడవుతుంది కాబట్టి మిగతా ప్రోగ్రాం హాయిగా నడిచింది. తెలియక చేశానా? తెలుసు. లైబ్రరీ పాతదని, అందులో ఆ ఫంక్షన్ లేదని తెలుసు, తర్వాత సరిచేద్దామనుకున్నాను, కొన్నాళ్లకి అనుకోవడం కూడా మానేశాను.

మే నెల మిట్టమధ్యాహ్నం ఆ పెట్టె బిగించిన షెడ్డులో ఫ్యాన్లు ఆగాయి. సైరన్ మోగలేదు. రైతు అన్నం తిని వచ్చేసరికి షెడ్డు నిండా చచ్చిన కోళ్లు. వైరు వదులుగా కట్టాడని మా సారు రమణన్నను పని మాన్పించేశాడు.

వెళ్లేముందు రమణన్న నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సెల్లెమ్మా, నీ కాడ ఏటైనా తేడా ఉన్నాదా? నిజం సెప్పు."

"నేదన్నా. అన్నీ పచ్చగానే ఉన్నాయి."

"అయితే నా సెయ్యే తప్పినాది."

అబద్ధమాడానా? తెర మీద పచ్చగానే ఉంది కదా! ఆ సాకు పట్టుకునే ఇన్నేళ్లు ఉద్యోగం చేశాను. భయం కన్నా సిగ్గే ఎక్కువ అనుకుంటాను. ప్రతి ఆదివారం చర్చిలో అందరితోపాటు నేను పాపినని ఒప్పుకుంటాను. గుంపులో ఒప్పుకోవడం ఎంత సులువో.

ఈమధ్య ఆమదాలవలసలో రమణన్న, వాళ్లావిడ కనిపించారు. ఆయన ఇప్పుడు ధాన్యం కొట్టులో బస్తాలు ఎత్తుతున్నాడు. ఇంట్లో బల్బు మాడినా తను ముట్టుకోడని, పక్కింటివాళ్లని పిలుస్తాడని ఆవిడ నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

క్షమించమని అడగడం లేదు. ఆయనకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాటివ్వలేను కూడా. మీకు మాత్రం చెప్పేశాను. కొంచెం ఊపిరాడుతోంది. రమణన్న కట్టిన వైరు గట్టిగానే ఉంది. ఆయన చెయ్యి తప్పలేదు.