పాల యంత్రానికి తగ్గించిన నీళ్ళు

1982 జూన్‌లో ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య ఉన్న ఒక దూడల పెంపక కేంద్రానికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ మీద వెళ్ళాను. విదేశం నుంచి తెప్పించిన, తనంతట తానే దూడలకు పాలు పట్టే యంత్రం అక్కడ ఉండేది. అది పాలపొడిని గోరువెచ్చని నీటిలో కలిపి, గొట్టాల ద్వారా రబ్బరు చన్నులకు పంపేది. దూడ వచ్చి నోరు పెడితే పాలు వచ్చేవి.

పట్టడం సులభమే, కడగడమే పని. ముందు గోరువెచ్చని నీళ్ళు పారించాలి. మొదటే మరిగే నీళ్ళు పోస్తే పాలు గొట్టంలో అట్టకట్టుకుంటాయి. తర్వాత సోడా కలిపిన వేడినీళ్ళు, ఆపైన మంచినీళ్ళు. రబ్బరు చన్నులు ఊడదీసి బ్రష్‌తో తోమాలి. ఇదంతా రెండు పూటలా జరగాలి. ఈ పద్ధతి అందరికీ నేర్పింది నేనే.

కడిగేవాడు మాబాషా, దినకూలీ. పర్మనెంటు కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. పై ఆఫీసుకు అతని పేరు నేనే సిఫారసు చేశాను.

మరుసటి వేసవిలో బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్ళే గతి. మాబాషా ఆ యంత్రాన్ని దొరసాని అనేవాడు.

“దొరసానికి రెండు పూటలా తలంటు సార్. మా ఇంట్లోదాన్ని అడగండి, తల కడుక్కోని ఎన్నినాళ్ళయిందో.”

యంత్రం ఆపి బకెట్లతో పాలు పడితే సగం నీళ్ళు మిగిలేవి. కానీ డిప్యూటీ డైరెక్టరు తనిఖీకి రానున్నారు. నాకు పదోన్నతి దగ్గరలో ఉంది. యంత్రం నడపలేకపోయాడన్న మాట పడటం నాకు ఇష్టం లేదు. సాయంత్రం సోడా కడుగు మానేసి, ఉత్త నీళ్ళు ఒకసారి పారిస్తే చాలని మాబాషాకు చెప్పాను.

“వాసనొస్తాది సార్. రేపు దూడలు పారుకుంటే నన్నంటారు.”

“నేనున్నాను కదా” అన్నాను.

వారం తిరగకముందే దూడలకు తెల్ల పారుడు, అంటే తెల్లటి విరేచనాలు, పట్టుకుంది. సెలైన్లు ఎక్కించినా మూడు చనిపోయాయి. తనిఖీకి వచ్చిన డిప్యూటీ డైరెక్టరు గొట్టం విప్పించి వాసన చూశారు. లోపల పాల జిగురు పసుపుపచ్చగా పేరుకుని ఉంది. దీన్ని కడిగేదెవరని అడిగారు.

“మాబాషా” అన్నాను.

అది అబద్ధం కాదు. నిజంలో నాకు పనికొచ్చే సగం. రేపటి నుంచి వాడు పనిలోకి రాకూడదని ఆయన అన్నారు. నేను తల ఊపాను. మాబాషా కొట్టం గుంజకు ఆనుకుని అంతా విన్నాడు.

మర్నాడు కూలి తీసుకోవడానికి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

“ఆ సారుకు తెల్దు. మీకు తెల్సు గదా సార్.”

తర్వాత చూద్దాం అన్నాను. అతను కూలి డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోస్తున్నాడని తర్వాత తెలిసింది. నాకు పదోన్నతి వచ్చింది. పని మీద ఆదోనికి చాలాసార్లు వెళ్ళాను గానీ, ఆ మిల్లు వీధిలోకి వెళ్ళలేదు.

ఆ తర్వాత పనిచేసిన చోట్ల దూడ చనిపోతే కడిగిందెవరని నేను అడగలేదు. కడగడానికి ఎన్ని నీళ్ళిచ్చాం, మానమని ఎవరు చెప్పారు అని అడిగాను. ఆ ప్రశ్న నాకు అలవాటయ్యేసరికి మాబాషాకు సర్కారు ఉద్యోగం వయసు దాటిపోయింది.