తోసి చూసి కొన్న బండి

మొదటి బండి కొనేటప్పుడు ఎవరైనా మైలేజీ అడుగుతారు, రంగు చూస్తారు, కిక్కు కొట్టి చెవి ఒగ్గి వింటారు. మా నాయన నా బండిని తోసి చూశాడు. ఈ సంగతి తర్వాత చాలామందికి నవ్వులాటగా చెప్పాను. చెప్పింది నేనే అయినా, విని నవ్విన ప్రతివాడి మీదా నాకు కోపం వచ్చేది.

ఎనభైల చివరి మాట ఇది. మా ఊరు ఏన్కూరు దగ్గర. ఉద్యోగమేమో కొత్తగూడెంలో, ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా. ఊరవతల మావాళ్ళుండే గూడెంలో నెల జీతం ముట్టిన మొదటివాణ్ణి నేనే. కొత్తగూడెంలోనే గది కిరాయికి తీసుకుని ఉండొచ్చు కానీ, అమ్మ పోయాక నాయన ఒక్కడయ్యాడు. ఆయన ఊరు వదలడు, నేను ఆయన్ని వదలలేను. అందుకని రోజూ అడవి దారిలో బస్సు ప్రయాణం. తునికాకు కాలం వచ్చిందంటే టాపు మీద ఆకు కట్టలు, మెట్ల మీద మనుషులు. ఒక్కోరోజు బస్సు అసలు ఆగేది కాదు. ఆలస్యంగా వెళితే మా పెద్ద గుమాస్తా అందరూ వినేలా "అడివిల నుంచి అచ్చిండు మనోడు" అనేవాడు. ఆ మాట పడలేకే బండి కొనాలనుకున్నాను.

తోలడం మా ఆఫీసు టైపిస్టు నేర్పాడు. నాకంటే పెద్దవాడు, మంచివాడు. సాయంత్రాలు గని కార్మికుల క్వార్టర్ల వెనక మైదానంలో తన బండి నా చేతికిచ్చి పక్కన పరుగెత్తేవాడు. "క్లచ్ జల్దీ ఇడువకు తమ్మీ. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో" అనేవాడు. పడ్డాను, మోకాళ్ళు కొట్టుకుపోయాయి, అయినా నేర్చుకున్నాను. ఏ బండి కొనాలని అడిగితే ఆయన ఒకటే చెప్పాడు. "నీది అడివి రోడ్డు. కలప లారీలు పోతుంటయి. ఆ గాలికి ఊగని బండి కొను. టైరు లావుండాలె, బండి బరువుండాలె. అల్కటిది మాత్రం కొనకు."

ఆయనకు అడవి రోడ్డు తెలుసు. మా ఊరి బజారు తెలియదు.

మా గూడెం నుంచి తారు రోడ్డెక్కాలంటే ఊరి పెద్ద బజారు గుండా రావాలి. అటూ ఇటూ భూములున్నవాళ్ళ ఇళ్ళు, ఎత్తైన అరుగులు. ఆ బజారులో మావాళ్ళు సైకిలు ఎక్కి పోరు. మొదటి ఇంటి దగ్గర దిగి, తోసుకుంటూ నడిచి, చివరి ఇల్లు దాటాక ఎక్కుతారు. అలాగని ఎక్కడా రాసిపెట్టలేదు. మా తాతకు ఎవరు చెప్పారో కూడా తెలియదు. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ దిగాను. దిగకుండా ఉండగల ధైర్యం నాకు ఉండేదేమో, కానీ అందరికంటే పెద్ద అరుగున్న దొర దగ్గరే నాయన భూమి కౌలుకు చేసేవాడు. మిరప వేసేవాడు. ఆ చెలకలో రాళ్ళు ఏరిందీ, గట్లు వేసిందీ ఆయనే. దాన్ని తనదనే అనుకునేవాడు, పైకి అనేవాడు కాదు. అది పోతే మనిషి ఏమైపోతాడోనని నా భయం.

ఖమ్మంలో బండ్ల షోరూముకు ఇద్దరం కలిసి వెళ్ళాం. నాయన గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. నేను ఎప్పటినుంచో మనసుపడ్డ నల్ల బండి అద్దం దగ్గరే నిలబెట్టి ఉంది. ట్యాంకు మీద చెయ్యి వేసి చూశాను. టైపిస్టు చెప్పినవన్నీ దానికున్నాయి. టై కట్టుకున్న సేల్సు కుర్రాడు ఉత్సాహంగా కిక్కు కొట్టబోయాడు.

నాయన అడ్డుపడ్డాడు. "ఇంజను బంద్ పెట్టి తోస్తే ఎట్లుంటది సారూ?"

"తొయ్యడం దేనికి పెద్దాయనా? కిక్కు కొడితే పోతది."

"ఎట్లుంటదో చూస్త."

హ్యాండిలు పట్టుకుని, నడుం వంచి, ఆ నున్నటి గచ్చు మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తోసుకుపోయాడు. ఆయాసపడుతూ వచ్చి తల అడ్డంగా ఊపాడు. తర్వాత పక్కదాన్ని తోశాడు. ఆ తర్వాత మూలనున్న సన్నటి రెండు స్ట్రోకుల బండిని. అది చెప్పినట్టు విని ఆయన వెంట నడిచింది. షోరూములో ఉన్నవాళ్ళంతా పని మానుకుని చూస్తున్నారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"తోలేది నేను గద నాయినా" అన్నాను.

"తోలుడు నీది. దిగుడు నాకెరుక" అన్నాడు. "వానల, బురదల, దినాం రెండు పూటలు తోస్తవా ఆ దున్నపోతును?"

సన్న బండే తెచ్చుకున్నాం.

తోసుకోవడానికి బాగున్న బండి తోలుకోవడానికి బాగాలేదు. కలప లారీ ఎదురొస్తే రోడ్డు దిగి ఆగాల్సిందే. మొదటి వానాకాలమే వాగు దగ్గర ఎర్రమట్టిలో జారి, కాలు సైలెన్సరు కింద పడి పిక్క కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు వాగు గుర్తుకు రాదు, బజారే గుర్తుకొస్తుంది.

పసుపు కుంకుమ పెట్టిన కొత్త బండిని తొలిరోజు ఆ బజారులో తోసుకుపోతుంటే దొర అరుగు మీంచి పలకరించాడు కూడా. "మంచి బండే తెచ్చినవ్‌రా. తోసెటందుకు అల్కగుంటది" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు. అదే ఎక్కువ మండింది.

అలా రెండు మూడేళ్ళు గడిచాయి. ఒక ఉదయం మండలాఫీసు నుంచి అధికారి ఒకాయన పంట నష్టం చూడటానికి వచ్చి దొర అరుగు మీద టీ తాగుతున్నాడు. నాయన కూడా చేనులో తెగులు పట్టిన మిరప మొక్కలు పీక్కొచ్చి అరుగు కింద నిలబడ్డాడు. నేను బండి తోసుకుంటూ వచ్చాను.

"బండి పాడైందా బాబూ?" అని అధికారి అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా దొర అందుకున్నాడు. "పాడుగాలె సార్. వాళ్ళకు అట్ల దిగుడు అలవాటు. మేమెవ్వలం దిగమనలే." నాయన వైపు తిరిగి, "ఏంరా, మేం ఎన్నడన్న చెప్పినమా?" అన్నాడు.

"లేదు దొరా" అన్నాడు నాయన. "మీరెందుకు చెప్తరు."

నా జన్మలో అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. దొర మీద కొంత, నాయన మీద ఎక్కువ. ఎవరూ చెప్పలేదు కదా, అయితే ఎవరి మాటా జవదాటినట్టు కాదు. అక్కడే, అరుగు ముందే కిక్కు కొట్టి ఎక్కి పోయాను.

సాయంత్రం నాయన నా ముఖం చూడకుండా, "ఆఫీసరు దినాం రాడు బిడ్డా" అన్నాడు. నేను వినలేదు. మర్నాడు ఎక్కాను, ఆ మర్నాడూ ఎక్కాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెస్తున్నానని గూడెంలో పెద్దలు తిట్టారు. నాయన నా వెనక కూర్చుని వస్తే, బజారు మొదట్లో భుజం తట్టి దిగిపోయేవాడు. నేను బండి మీద, ఆయన కాలినడకన, ఒకే బజారు దాటేవాళ్ళం. నన్ను నలుగురిలో చిన్నబుచ్చడానికే అలా చేస్తున్నాడని మండిపడేవాణ్ణి.

తొలకరికి ముందు దొర ఆయన్ని పిలిపించాడు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నాడట. "నీ కొడుకు బండెక్కిండు గద. ఇగ నీకు చెలక ఎందుకురా, కూసొని తిను." చెలక ఇంకొకరికి పోయింది. నేను వెళ్ళి అడుగుతానంటే నాయన వద్దన్నాడు.

పార, మోకు ఇంకా చెలకలోనే ఉన్నాయంటే, ఆదివారం ఆయన్ని నా బండి మీద తీసుకుపోయాను. పోయేటప్పుడు బజారులో ఎప్పటిలాగే దిగి నడిచాడు. గట్టు మీద కాసేపు నిలబడ్డాడు. వంగి ఒక రాయి ఏరి అవతలికి విసిరాడు. ఇంకా అలవాటు పోలేదు. మోకు భుజాన వేసుకుని, పార నిలువుగా పట్టుకుని బండెక్కాడు.

తిరిగొస్తూ బజారు మొదట్లో ఆపాను.

"ఆపినవేంది?"

"దిగుతవేమో అని."

"ఇగ దిగి ఏం కాపాడుకునేదున్నది. పోనియ్."

పోనిచ్చాను. దొర అరుగు మీదే ఉన్నాడు, చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. నాయన ఎటు చూశాడో తెలియదు. ఆయన చెయ్యి మాత్రం నా భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. రెండో గేరు పడిందో లేదో, చివరి ఇల్లు వెనక్కి పోయింది.

"అయిపోయిందా?" అన్నాడు వెనక నుంచి.

"అయిపోయింది నాయినా."

ఆయన చెయ్యి నా భుజం మీద మెల్లగా వదులైంది. గూడెం కనిపిస్తుండగా అన్నాడు.

"గింతేనా, బిడ్డా."