అట్ట ప్రెసిడెంటు పక్కన సీతారామయ్య

తెనాలి కరెంటాఫీసులో పనిచేసినన్నాళ్ళూ సీతారామయ్యగారికి ఒకటే పిచ్చి, ఫొటో. మంత్రి వచ్చినా స్వామీజీ వచ్చినా, కెమెరా క్లిక్‌మనేసరికి ఓ మూల ఈయన తలకాయ ఉండాల్సిందే. సాచి సాచి మెడ జానెడు పెరిగిందని భార్య నాగమణి ఎకసెక్కెం.

రిటైరయ్యాక ఇద్దరూ కొన్నాళ్ళుందామని కొడుకు కిరణ్‌కుమార్ దగ్గరికి, అమెరికాలోని కాపెల్ ఊరికి వచ్చారు. కొడుకు వాషింగ్టన్ తీసుకెళ్ళాడు. అక్కడ పేవ్‌మెంటు మీద ఎవడో నిలువెత్తు అట్టబొమ్మ పెట్టుకుని కూర్చున్నాడు. అచ్చం అమెరికా ప్రెసిడెంటే! పక్కన నిలబడి ఫొటో తీయించుకోవచ్చట. ఊరుకుంటారా మరి! భుజం మీద చెయ్యేసి మరీ నిలబడ్డారు. జన్మలో మొదటిసారి ఫొటో నడిమధ్యలో ఉన్నారు.

అక్కడితో ఆగితే పోయేది. దాన్ని ఊళ్ళో విలేకరిగా ఉన్న మేనల్లుడు దామోదర్‌కి పంపారు, అట్ట సంగతి మింగేసి. వాడు జిల్లా పేపర్లో వేసేశాడు, 'అమెరికా అధ్యక్షుడితో మన సీతారామయ్య' అని. ఇక ఫోన్ల మీద ఫోన్లు. ఈయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ఏదోలెండి" అని మీసం దువ్వుకున్నారు.

అప్పుడు చేసింది ఫోను, తెనాలి పక్కింటావిడ ఛాయాదేవి. ఆవిడ కూతురు విద్య ఉండేదీ కాపెల్‌లోనే. ఎనిమిదో నెల. పురిటికి వద్దామంటే తల్లికి వీసా రెండుసార్లు రిజెక్టయింది.

"అన్నయ్యగారూ, మీకాయన భుజమ్మీద చెయ్యేసేంత చనువుందిగా. నా గురించి ఒక్క మాట చెప్పండి. అల్లుడు పొద్దున పోతే రాత్రికొస్తాడు. పిల్ల ఒంటరిదైపోయింది."

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. "చూస్తానమ్మా" అనేశారు.

ఆ రోజు నుంచి ఫోను మోగితే చాలు, దాన్ని దిండు కింద దూర్చేసేవారు. ఆవిడ మళ్ళీ అప్లై చెయ్యకుండా ఈయన మాట కోసమే కూర్చుందని తెలిశాక మరీ భయం పట్టుకుంది. నాలుగు వీధుల అవతలున్న విద్యకి ఎక్కడ ఎదురుపడతారోనని వాకింగ్ కూడా మానేశారు.

"చెప్పెయ్ నాన్నా! నీ మాట నమ్ముకుని ఆంటీ వెయిట్ చేస్తుంటే, ఇక్కడ డెలివరీ డేట్ వచ్చేస్తోంది" అని కొడుకు కేకలేశాడు.

చివరికి ఆయనే ఫోన్ చేశారు.

"అమ్మా ఛాయాదేవీ, అది మనిషి కాదమ్మా, అట్టబొమ్మ. ప్రెసిడెంటు మొహమైనా చూళ్ళేదు నేను. అంతా నా డాబు."

ఇక తిట్లే అనుకుని ఫోను చెవికి కాస్త దూరం జరిపారు.

"సరే అన్నయ్యగారూ" అంది ఆవిడ. "అయినా ప్రెసిడెంటొచ్చి దానికి పథ్యం వండిపెడతాడా ఏంటి? మీరూ వదినగారూ అక్కడే ఉన్నారు. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా పిల్లని చూసొచ్చారా?"

సిగ్గుతో చితికిపోయారు. ఆ పూటే నాగమణి విద్యకని చారు గిన్నెకి మూత పెడుతుంటే, గిన్నె తానే అందుకుని ముందు నడిచారు.

నెల తిరిగాక ఛాయాదేవికి ఒక ఫొటో వెళ్ళింది. మంచం మీద విద్య, నాగమణి ఒళ్ళో పసిగుడ్డు. తీసింది సీతారామయ్యగారు. ఎంత వెతికినా ఏ మూలా ఆయన తలకాయ లేదు.